మూడు చిల్లులు

పొద్దున్న ఎనిమిది కాకుండానే అరుగు కింద ఎవరో బయటివాళ్ళ చెప్పులు రెండు జతలు కనిపించాయి. ఆ వచ్చినవాళ్ళు తనకోసం రాలేదని నరసింహమూర్తికి తెలుసు. పేపరు మడిచి, మళ్ళీ విప్పి, చదివిన వార్తే చదివాడు.

తమ్ముడు పట్టాభిరామయ్య మద్రాసు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి గుండెకి బైపాస్ చేయించుకుని, వారం తిరక్కుండానే దెందులూరులో కారు దిగి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్లెక్కాడు. ఆపరేషన్ రోబో చేసిందట. డాక్టరు పక్కనే ఓ యంత్రం ముందు కూర్చుని మీటలు తిప్పుతుంటే, రోబో చేతులు పక్కటెముకల సందుల్లోంచి లోపలికి వెళ్ళి పని చక్కబెట్టాయట. రొమ్ము కోయలేదు, కాలు కోయలేదు. ఎడమ పక్కన మూడు చిల్లులు, బొటనవేలంత గాటు ఒకటి. అంతే.

నరసింహమూర్తికి బైపాస్ అయి పదేళ్ళు. గొంతు కింద నుంచి పొట్ట పైదాకా కోశారు. కాలి నరం తీశారు. మూడు నెలలు మంచం దిగలేదు. అప్పటి నుంచీ ఆ ఇంట్లో గుండె అంటే ఆయనదే. ఆయన కునుకు తీస్తే టీవీ కట్టేసేవారు. వీధిలో ఎవరికి రొమ్ములో కాస్త పట్టేసినా డాక్టరు కన్నా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. చొక్కా గుండీలు విప్పి మచ్చ చూపించి, ఎలాంటి నొప్పి గుండెదో, ఎలాంటిది గ్యాసుదో విడమరచి చెప్పేవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ పూటంతా ఆయనకి ఒళ్ళు తేలిగ్గా ఉండేది.

ఈ నాలుగు రోజుల్లో ఒక్కరూ ఆయన మచ్చ మాటెత్తలేదు.

భార్య అచ్చాయమ్మ వచ్చి, పట్టాభిని చూడ్డానికి ట్రాక్టరు మెకానిక్ లాల్ బాషా వచ్చాడనీ, మండవల్లి నుంచి కొరమీను తెచ్చాడనీ చెప్పి లోపలికి పిలిచింది. ఆయన వెళ్ళి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు.

“నేను సిలిండరు బోరు చెయ్యాలంటే ఇంజను మొత్తం దింపాలండి,” అంటున్నాడు లాల్ బాషా. “ఆళ్ళు బానెట్టు ఎత్తకుండానే కానిచ్చేశారు చూడండి.”

అందరూ నవ్వారు. పట్టాభి కూడా నవ్వి, వెంటనే ఎడమ పక్కకి అరచెయ్యి అదుముకున్నాడు. నరసింహమూర్తి ఆ చెయ్యి చూశాడు. చూసి కూడా నోరాపుకోలేకపోయాడు.

“అదీ ఓ ఆపరేషనేనా? చెవులు కుట్టించుకున్నట్టు. రేపో మాపో ట్రాక్టరెక్కుతాడు వీడు. అయినా నిన్నటిదాకా గుర్రంలా తిరిగినవాడికి హఠాత్తుగా అంత ముదిరిందంటే నమ్మమంటారా?”

పట్టాభి భార్య రత్నమాణిక్యం కాపురానికొచ్చి నలభై ఏళ్ళు. బావగారికి ఎదురుగా నిలబడి మాట్లాడిన రోజు లేదు. చేతిలోని కాఫీ గ్లాసు కిటికీలో పెట్టింది.

“హఠాత్తుగా రాలేదండీ బావగారూ.”

“మాణిక్యం, ఊరుకో,” అన్నాడు పట్టాభి.

“రెండేళ్ళయిందండీ. దాళ్వా వరికోతలప్పుడు పొలంలో ముందు మీకే చెప్పారంట. మీరు గ్యాసన్నారు. అన్నయ్యకి తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందని ఈయన ఎవరికీ చెప్పలేదు. మొన్న పడిపోయాకే నాకూ తెలిసింది. అప్పుడే వచ్చుంటే స్టెంటు వేసి పంపేసేవాళ్ళమన్నారు మద్రాసులో.”

ఆమె గొంతు పెంచలేదు. లాల్ బాషా షాపులో పనుందని లేచాడు. మిగిలినవాళ్ళూ అతని వెనకే కదిలారు.

మధ్యాహ్నం నరసింహమూర్తి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అరుగు మీద ఒక్కడే ఉన్నప్పుడు రెండేళ్ళ కిందటి ఆ పొలం గట్టు గుర్తొచ్చింది. పట్టాభి చెమటలు తుడుచుకుంటూ చతికిలబడి, నడిస్తే రొమ్ములో పట్టేస్తోందన్నయ్యా, ఆగితే తగ్గుతోంది అన్నాడు. ఎవరో రోడ్డున పోయేవాడు ఆ మాట అని ఉంటే, తక్షణం ఏలూరు పొమ్మని కేకలేసి ఉండేవాడు. తమ్ముడికి మాత్రం, గుండెనొప్పంటే ఏంటో నీకేం తెలుసురా అని, వాము నమలమన్నాడు.

తెలియక అనలేదు. చేలో దిగుబడి వాడిదే ఎక్కువ, ఊళ్ళో పదిమందీ పలకరించేది వాణ్ణే. నాకంటూ ఉన్నది ఇదొక్కటే, ఇది కూడా వాడికేనా అనిపించింది. అలా అనిపించిన సంగతి రెండేళ్ళు తనకే తెలియనివ్వలేదు.

సాయంత్రం తమ్ముడి గదిలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు.

“మళ్ళీ ఎందుకు చెప్పలేదురా?”

“కాదన్నావుగా.”

ఆ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు.

“గుండెదేనని నాకు తెలుసురా పట్టాభీ. తెలిసే అన్నాను.”

పట్టాభి గోడకేసి మొహం తిప్పుకున్నాడు. అన్నగారు వెళ్ళలేదు, కూర్చోనూ లేదు. పట్టాభి మళ్ళీ ఇటు తిరిగాడు.

“నేనేమనుకున్నానో చెప్పనా? ఇంట్లో నీకు జరిగే మర్యాద చూసి, నాకూ కావాలని లేని నొప్పి తెచ్చుకుంటున్నానేమోననుకున్నాను. సిగ్గేసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడం నీ ఒక్కడి వల్లే కాదన్నయ్యా.”

నరసింహమూర్తి కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే తమ్ముడు చూస్తాడు.

అంతలో పట్టాభికి దగ్గు తెరొచ్చింది. దాన్ని మింగేయాలని మొహం ఎర్రబడేలా బిగబట్టాడు. చిల్లులు చిన్నవే. కానీ ఎముకల మధ్య సందు చేసిన చోట దగ్గితే ప్రాణం పోయినంత పనవుతోందని, నాలుగు రోజులుగా ఎవరికీ చెప్పలేదు.

“ఆపుకోకు. కఫం లోపలుండిపోతుంది.” నరసింహమూర్తి తమ్ముడి తలకింది దిండు లాగి వాడి గుండెలకి హత్తించాడు. “గట్టిగా కావలించుకో. ఇప్పుడు దగ్గు.”

మంచం అంచున కూర్చుని, దిండు దాటి ఎడమ పక్కటెముకల మీద తన అరచెయ్యి ఆన్చాడు. పట్టాభి దగ్గాడు. ఒళ్ళంతా అదిరి, ఆ అదురు అన్నగారి మోచేతిదాకా పాకింది.

“ఎక్కడరా నొప్పి?”

“ఏం లేదులే.”

“చెప్పు. వింటాను.”

పట్టాభి అన్నగారి చెయ్యి పట్టుకుని, కొంచెం కిందికి జరిపాడు.