బంగారమ్మ నడుములోతు

“సైదులు.”

“మోకాటికి నాలుగు వేళ్ళు పైకి.”

“నమోదైంది. దీవెనమ్మ.”

“తొడ సగానికొచ్చింది. అడుసు బాగా మెత్తబడింది, గట్టినేల దొరకటానికి మూడు తొక్కులు పట్టింది నాయనా.”

“నమోదైంది. నాయనా అనక్కరలేదు.”

“ఏం, అంటే అరిగిపోతావా?”

నీరటి కొల్లేటి నీళ్ళ లెక్క చూసే యంత్రం. పొద్దుటి పూటలో దానికి పన్నెండు కొలలు కావాలి, పరాచికాలు రాసుకునే గడి దాని దగ్గర లేదు. నీళ్ళలో దూరం దూరంగా పాతిన మాటగుంజల్లోంచి దాని గొంతు ఒక్కో పేరునూ పిలుస్తూ పోతోంది. చీరలు ఎగదోపుకున్న ఆడవాళ్ళూ పంచెలు బిగించిన మగవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడి తమ లోతు చెబుతున్నారు. పూటపెద్ద నాంచారమ్మ మాత్రం సగం పూర్తయిన కాలిబాట మీద కిక్కిస గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, పిలుపులు అయిపోయేదాకా కదలకుండా నిలబడింది. పిలుపులప్పుడు బాట మీద ఎవరు నడిచినా నీళ్ళు కదిలి కొల తప్పుతుంది.

కొల్లేటి అడుగు యంత్రాలకు లొంగే రకం కాదు. నీటికీ నేలకూ మధ్య అంబలిలాంటి అడుసు ఉంటుంది. ధ్వనికొలలు దాన్ని ఒకరోజు నేలంటాయి, మర్నాడు నీరంటాయి. నీటి మీద తేలే కొలలు వేస్తే వాటి మీద గూడబాతులెక్కి కూర్చునేవి. ఆ బరువుకి అవి మునిగి, కొల్లేరు పొంగిపోయిందని కబురంపేవి. అట్లా రెండు ఎండాకాలాలు అబద్ధపు వరదలు చూశాక నీరటి దిగొచ్చింది. అడుసు ఎక్కడైపోయిందో, గట్టినేల ఎక్కడ మొదలైందో మనిషి పాదానికి తెలుస్తుంది. అందుకని ఇష్టపడి పూటకొచ్చే ప్రతి ఒక్కరి మోకాలు, నడుము, మెడ ఎంతెత్తున ఉన్నాయో కొలిచి దాచుకుంది. వాళ్ళు దిగి “నడుములోతు” అంటే చాలు, ఎవరి నడుమో చూసుకుని మిగతాది తనే గుణించుకుంటుంది.

“బంగారమ్మ,” అంది నీరటి.

ఒక్కసారిగా అందరికీ ఏదో ఒక పని తోచింది. దీవెనమ్మ కొంగు సర్దుకుంది. సైదులు నీళ్ళలోకి చూసుకున్నాడు.

“నడుములోతు,” అన్నాడు పోలయ్య.

“నమోదైంది.”

బంగారమ్మ పోయి తొమ్మిది నెలలైంది. ఊరంతా ఏడ్చింది, ఊరంతా భోజనాలకొచ్చింది, కానీ నీరటికి చెప్పినవాళ్ళు లేరు. పెద్దకర్మ దాకా పూట ఆపారు. ఆ మర్నాడు పొద్దున్నే ఎప్పట్లాగే నీరటి ఆమె పేరు పిలిచింది. పన్నెండుమంది ఉండాల్సిన నీళ్ళలో పదకొండుమంది ఊపిరి బిగబట్టారు. పలికేది ఎవరో నీరటికి చెప్పేది పూటకడియం; పోలయ్య కుడిచేతికి తనదీ, ఎడమచేతికి పెళ్ళాందీ ఉన్నాయి. ఆయన ఆ ఎడమచెయ్యి నీళ్ళలో ముంచి, తడబడుతూ, “మోకాల్లోతు” అన్నాడు. దిద్దాల్సింది పూటపెద్దే. నాంచారమ్మకి నోరు పెగల్లేదు. ఆ రోజు పెగలనిది మర్నాడూ పెగల్లేదు, తర్వాత అలవాటైపోయింది. అప్పట్లో బంగారమ్మ వంతు బాట మొదట్లో, రేవు పక్కన ఉండేది. అక్కడ నాలుగు వేళ్ళు ఎక్కువైనా తక్కువైనా మునిగేదేమీ లేదని సరిపెట్టుకుంది.

ఈరోజు పోలయ్య నిలబడ్డది రేవు పక్కన కాదు. పిలుపులన్నీ అయ్యాక గానీ నాంచారమ్మ అది చూడలేదు.

“నీరటీ, బంగారమ్మ వంతు ఎక్కడికి మార్చావు?”

“గూడబాతుల మంచెలదిబ్బ చుట్టూ ఉన్న కాపునీటికి. ఈ గట్ల మధ్య లోతైన చోటు అదే. పూటలో పొడవైన మనిషి బంగారమ్మ. కొల ప్రకారం అక్కడ నూట నాలుగు సెంటీమీటర్లు ఉంది. ఈరోజు నాలుగింటికి తూము తీసి యాభై తగ్గిస్తాను. బాటలో మిగిలిన ఇరవై బారలూ రేపు ఆరిన మట్టి మీద కొట్టుకోవచ్చు. ఆదివారానికి బడిపిల్లలు పక్షుల్ని చూడటానికి వస్తారు.”

“తగ్గిస్తే దిబ్బ చుట్టూ ఎంతుంటది?”

“యాభై నాలుగు. కుక్కగీతకు నాలుగు పైన.”

నెత్తిన మోపు బరువు అప్పుడు తెలిసింది నాంచారమ్మకి. దాన్ని దించి దాని మీదే కూర్చుంది. యాభై ఉంటే కుక్క ఈదాలి. ఈది మరీ గుడ్ల కోసం రాదు. అంతకన్నా తగ్గితే నడిచొస్తుంది. ఒకటొస్తే దాని వెనక పది. మంచెలు మోకాలెత్తువి, వాటి మీద నూటపాతిక గూళ్ళున్నాయి. సగం గూళ్ళలో రెక్కలు రాని పిల్లలు. పెళ్ళిలో పోలయ్య పక్కన నిలబడితే ఈతచెట్టు పక్కన తాడిచెట్టంటూ ఊరంతా నవ్విన మనిషి బంగారమ్మ. పోలయ్య నడుము ఆమె నడుముకి రెండు బెత్తెలు కింద ఉంటుంది. అంటే రేపు తెల్లారేసరికి దిబ్బ చుట్టూ మిగిలేది నలభై.

“ఇయ్యాల తూము తియ్యబాక,” అంది.

“కారణం?”

“మంచిరోజు కాదు.”

“పంచాంగం నా దగ్గర ఉంది. దశమి, పుష్యమి. చాలా మంచిరోజు.”

నీరటితో వాదనంటే ఇంతే, అది పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాంచారమ్మ తానే దిగి ఇంకో లోతు అబద్ధం చెప్పి సరిచేద్దామా అని ఒక్క క్షణం అనుకుంది. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకొక అబద్ధాన్ని పెడితే, దానికి కాపలా ఎవరు? ఆమె లేచి నీళ్ళలోకి దిగి పోలయ్య దగ్గరికి నడిచింది.

పోలయ్య దిబ్బ వైపు చూస్తూ నిలబడ్డాడు. మంచెల మీద పరిచిన కిక్కిస తట్టలన్నీ బంగారమ్మ అల్లినవే. ఒక గూడబాతు సంచిమూతి తెరిచి కూర్చుంటే, దాని పిల్ల మెడదాకా ఆ సంచిలోకి దూరి తింటోంది.

“చూడక్కా, ఎట్టా తింటందో! మా ఇంటిది చూస్తే ఎంత మురిసేదో,” అన్నాడు.

“తమ్ముడూ, నువ్విందాక నడుములోతన్నావు. ఎవరి నడుము?”

పోలయ్య కిందికి చూసుకున్నాడు. నీళ్ళు తన బొడ్డు దగ్గర ఆడుతున్నాయి. ఆయన మొద్దు కాదు, నలభయ్యేళ్ళు దోనె నడిపినవాడు.

“నా బుద్ధి గడ్డి తిన్నదక్కా. రేవుకాడ ఉన్నన్నాళ్ళూ గుర్తెట్టుకుని రెండు బెత్తెలు తగ్గించి చెప్పేవోణ్ణి. ఇయ్యాల ఆ పిల్లల్ని చూస్తా, నోటికొచ్చింది అనేశాను.”

“ఇప్పుడు చెప్పాల మరి.”

“చెప్తే దాని పేరు తుడిచేస్తదిగా.”

“తుడిచేస్తది.”

“ఇంట్లో పిలిచేవాళ్ళు లేరు. వీధిలో పోలయ్య పెళ్ళామంటారు గానీ పేరెవురూ అనరు. పొద్దున్నే దాని పేరెట్టి పిలిచేది ఈ గుంజొక్కటే. ఆ పిలుపు కోసమే నిద్ర లేస్తన్నానక్కా.”

నాంచారమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఆమెకు మరదలంటే ప్రాణం. తొమ్మిది నెలలుగా ఆ పేరు వినడం తనకీ ఇష్టంగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంది. “నేను చెప్పనా?” అంది.

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. దిబ్బ మీద పిల్ల సంచిలోంచి తల బయటికి తీసి, తడి మొహంతో అటూ ఇటూ చూసి, మళ్ళీ దూరింది. ఆయన మాటగుంజ దగ్గరికి నడిచి ఎడమచేతి కడియం తీసి గుంజకు తగిలించాడు.

“నీరటీ, నడుములోతు అన్నది నేను, పోలయ్యని. బంగారమ్మ లేదు. ఆషాఢంలో పోయింది. ఈ తొమ్మిది నెలలూ నేనే పలికాను. తూము తియ్యబాక, పిల్లలు పోతాయి.”

బాట మీద మట్టి కొడుతున్న వాళ్ళు చేతుల్లో దిమ్మిసలు అట్లాగే పట్టుకుని ఆగిపోయారు.

“తూము ఆపాను,” అంది నీరటి. “రెండు కడియాల్లో ఒకే నాడి కొట్టుకోవడం తొమ్మిది నెలలుగా కనిపిస్తోంది. భార్యాభర్తలు గనక సహజమేమో అనుకున్నాను. అది నా లోపంగా రాసుకున్నాను. మనిషి లేని కొల పట్టీలో ఉండకూడదు. తుడవడానికి పూటపెద్ద సమ్మతి కావాలి. నాంచారమ్మ?”

ఇన్నేళ్ళలో నీరటి ఈ మాట చాలాసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా నాంచారమ్మ “తుడువు” అంది. సైదులు తల్లికి అంది. తన మొగుడికీ అంది. అది అడిగేదీ, తాను అనేదీ ఒక లాంఛనమనుకుంది తప్ప, వద్దనొచ్చని ఎప్పుడూ తోచలేదు.

“వద్దు,” అంది.

“అర్థం కాలేదు.”

“తుడవొద్దంటన్నా. ముందు దాని కొలలు పైకి చదువు.”

“మోకాలు నలభై తొమ్మిది. నడుము నూట నాలుగు. మెడ నూట నలభై ఏడు.”

పోలయ్య చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచి, తన తలకు కాస్త దిగువన, గాలిలో ఒకచోట ఆగింది. నూట నలభై ఏడు ఎక్కడుంటుందో ఆయనకు చదివి చెప్పనక్కరలేదు.

“సైదులూ, దోనెలో మంచి వెదురుగడ ఉంటే పట్రా,” అంది నాంచారమ్మ. “కత్తి కూడా.”

మధ్యాహ్నం పనంతా అదే అయింది. గడకి మూడు గాట్లు పెట్టారు. మెడ గాటు దగ్గర దీవెనమ్మ తన చీర అంచు చింపి కట్టింది. ఆరిన మట్టి మీద కొట్టాల్సిన ఇరవై బారల బాటనీ మోకాల్లోతు నీళ్ళలోనే, తట్టలతో మట్టి మోసి కొట్టక తప్పదని అందరికీ తెలుసు. ఆదివారానికి కాదనీ తెలుసు. ఎవరూ నొచ్చుకోలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి పిలుపులు మొదలయ్యాయి. సైదులు పలికాడు, దీవెనమ్మ పలికి నాయనా అంది. తర్వాత గుంజ ఆగింది. కొల ఉంది, మనిషి లేదు, పూటపెద్ద వద్దంది. అలాంటి పేరును ఏ గడిలో వెయ్యాలో దానికి రాత్రంతా దొరకలేదు. దొరకకుండానే పిలిచింది.

“బంగారమ్మ.”

పోలయ్య అడుసు తొక్కాడు. ఒకటి, రెండు, మూడో తొక్కుకి గట్టినేల తగిలింది. తన పాదం పక్కనే గడ మొదలు ఆనించి, నిటారుగా, ఎంతో భద్రంగా నిలబెట్టాడు. నీళ్ళు కుదుటపడేదాకా ఆగాడు. గడ ఆయన తల మీదుగా జానెడు పైకి ఉంది.

“దాని నడుముకి రెండు బెత్తెలు కింద,” అన్నాడు. ఈసారి గొంతు తడబడలేదు.

“నమోదైంది. ఎనభై తొమ్మిది. ముప్పై మాత్రమే తగ్గిస్తాను. కుక్కగీతకు తొమ్మిది పైన.”

ఎవరో నవ్వారు, ఎవరో ముక్కు చీదారు. దిబ్బ మీద గూడబాతులు వేటకు లేచాయి. తర్వాతి పేరు పిలవబోతుండగా సైదులు తన చోటు నుంచే చెయ్యెత్తాడు. పూటలో పిలవకుండా మాట్లాడే అలవాటు అతనికి లేదు.

“నీరటీ, మా అమ్మ కొల ఉందా?”

“తుడిచాను.”

“మా అన్నది?” అంది దీవెనమ్మ.

“తుడిచాను. పూటపెద్ద తుడవమంది.”

“ఇప్పుడు అడుగుతున్నాం,” అంది నాంచారమ్మ. తన మొగుడి పేరు పైకి చెప్పడానికి మొదట సిగ్గేసింది, తర్వాత చెప్పింది. “దానయ్య. పొట్టి మనిషే. చూడు.”

నీరటి నాలుగో కొల దగ్గర ఆగిపోయింది. పూటల పట్టీ మొదలైనప్పటి నుంచీ పిలుపులు మధ్యలో ఆగడం అదే మొదలు. తూము తీసేముందు వెలగాల్సిన పచ్చదీపం వెలగలేదు. నీళ్ళలో నిలబడ్డవాళ్ళు తొందరపడలేదు.

“పాత పట్టీల్లో వెతుకుతున్నాను,” అంది నీరటి. “గడలు కోసి ఉంచండి.”