కాటా దగ్గర పది గంటలు

"రేపు పొద్దున పదింటికి వంతెన పేలిపోతుంది," అన్నాడు చీఫ్, టీ చల్లారిందని చెప్పినంత తాపీగా.

ఏజెంట్ నలభై ఒకటి తలూపాడు.

"విదేశీ ముఠా పని. అది మీ ఊరు కాబట్టి నిన్ను పంపుతున్నా. ఇదిగో ఫైల్. ఊరి చరిత్ర, జనం, వ్యాపారం అన్నీ ఉన్నాయి. చదువు."

"పుట్టి పెరిగిన ఊరికి ఫైలెందుకు సార్?"

"మీ అక్క ఆ వంతెన దగ్గరే పనిచేస్తోంది. లారీ కాటా మీద."

అక్కని చూసి ఇరవై ఏళ్లయింది. గుండె ఝల్లుమనాలి. ఏమీ కాలేదు. ఈ ఉద్యోగంలో ఎన్నో చావులు చూశాక లోపలంతా మొద్దుబారిపోయింది. ఫైలు సంచిలో పడేసి రైలెక్కాడు.

ఊరి సంగతులు అతనికి కంఠోపాఠమే మరి! యుద్ధమయ్యాక పెద్దలెవరో నది మీద సరిహద్దు గీత గీశారు. అన్న ఇటు, తమ్ముడు అటు పడ్డారు. పొట్ట మాత్రం గీతను ఒప్పుకోలేదు. ఇటువైపు మగ్గాలు, అటువైపు కుట్టు షెడ్లు. ఇక్కడ నేసిన గుడ్డ వంతెన దాటితే గానీ చొక్కా అవదు. వంతెన కూలితే రెండువైపులా జనం నోట్లో మట్టే.

కాటా మెకానిక్ వేషంలో, పెట్టుడు మీసంతో, వంతెన పక్క టీ కొట్లో కూర్చున్నాడు. ఎదురుగా సిల్క్ వచ్చి కూర్చుంది. పైకి గుడ్డల బ్రోకరు. లోపల ముఠా జీతం తింటూ మనకి రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆవిడ నల్ల కళ్లద్దాలు తీసేసరికి కొట్లో మగాళ్లందరూ టీ తాగడం మర్చిపోయారు.

"దారం తెగిందా?" అంది. అది కోడ్.

"ముడేస్తే సరిపోతుంది."

"కాటా కింద గోతిలో ఉంది. పదింటికి." లేచి వెళ్లిపోయింది.

అతని వాచీలో తొమ్మిదీ ఇరవై. తొమ్మిదీ నలభైకి బాంబ్ స్క్వాడ్ వస్తుంది, అంతదాకా కదలొద్దని ఆర్డరు. ఇంకో టీ చెప్పాడు. కాటా గది గాజు పలక వెనక అక్క కనిపిస్తోంది. జుట్టు నెరిసింది. ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టే ఉంది.

ఉన్నట్టుండి హమాలీలు గ్లాసులు కింద పెట్టారు. "పదవుతోంది, లేవండి, లేవండి!"

గోడ గడియారంలో పదికి ఏడు నిమిషాలుంది.

"మీ గడియారం ముందుందే!"

"ఊరంతా ముందేనయ్యా," అన్నాడు టీ కొట్టాయన. "అవతలివాళ్లు అయిదేళ్ల కిందట టైము అరగంట ముందుకి జరిపారు. మా కూడు వాళ్ల గంట మీద ఉందాయె. మేమూ జరిపాం. గవర్నమెంటు టైము ఆఫీసర్లకే."

ఛీ! చదవని ఆ ఫైల్లో ఉండే ఉంటుంది. పుట్టిన ఊరనే పొగరు కొంప ముంచింది. సిల్క్ చెప్పింది ఊరి టైము. పరిగెత్తాడు.

గోతిలో నూనె, చీకటి, మూలన పెట్టె. పైన కాటా మీదికి లారీ ఎక్కింది, నెత్తిన మట్టి రాలింది. బెల్టు బకిల్లోంచి బుల్లి కట్టర్ లాగి, పెట్టె మూత ఊడదీసి, వైర్లు ఒక్కొక్కటే వెతికాడు. చేతులు వణకలేదు. మొద్దుబారడంలో ఉన్న లాభం అదొక్కటే. కట్ చేశాడు. అంకెలు నాలుగు సెకన్ల దగ్గర ఆగాయి.

పైనుంచి అక్క గొంతు ఖంగుమంది. "ఏయ్ మెకానిక్కూ! చెప్పాపెట్టకుండా దూరడానికి ఇదేమన్నా మీ తాత కట్టించిన గొయ్యా? ఎంతమంది ఆగిపోయారో చూడు! పనుంటే లైన్లో వెనక్కి పోయి నిలబడు!"

చిన్నప్పుడు చెవి మెలేస్తూ తిట్టిన గొంతే. నూనె మరకల్లో, మీసంలో ఆవిడ గుర్తుపట్టలేదు. చెప్పడానికి రూల్సు ఒప్పుకోవు. ఛాతీలో ఎక్కడో చిన్నగా చురుక్కుమంది. నొప్పో సంతోషమో తేల్చుకోలేకపోయాడు. చాలా ఏళ్లకి లోపల ఏదో ఒకటి కదిలింది.

"ముఠా దొరికింది. మిషన్ ఓవర్. వచ్చెయ్," అన్నాడు చీఫ్ రేడియోలో.

నలభై ఒకటి రేడియో కట్టేశాడు. అక్కడ పనేమీ లేకపోయినా ఇరవై మూడు లారీల వెనక్కి నడిచి లైన్లో నిలబడ్డాడు, ఇంకోసారి తిట్టించుకుందామని.