క్యాసెట్టు రెండో పక్క

నిస్సీ, ఇట్లా వచ్చి నా పక్కన కూర్చో. ఇంకా దగ్గరికి. మీ మేనత్త, నా కూతురు కృపారాణి యాభైమూడేళ్ళకు పెళ్ళికూతురు ఎట్లా అయిందని ఊరంతా ఏవేవో చెప్పుకుంటోంది. జరిగింది జరిగినట్టు నేనే చెప్తాను, విను.

మన పుత్తూరుకు విరిగిన చేతులతో, కాళ్ళతో ఎక్కడెక్కడి నుంచో కట్టు కట్టించుకోవడానికి వస్తారు కదా. వసారా పక్కనున్న గదిని అట్లాంటివాళ్ళకు ఇచ్చేదాన్ని. ముప్పై నాలుగేళ్ళ కిందట, వానాకాలంలో, గూడూరు నుంచి ఏబెల్ వచ్చాడు. చర్చిలో గిటారు వాయించేవాడు. స్కూటరు మీద నుంచి పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. సంచిలో రెండు చొక్కాలు, ఒక బైబిలు, ఒక టేప్‌రికార్డరు, ఒకే ఒక్క ఇంగ్లీషు క్యాసెట్టు.

ఆ క్యాసెట్టు అట్ట మీద నలుగురు. సింహం జూలులాంటి జుట్టు, పెదాలకు ఎర్ర రంగు, పులిచారల ప్యాంట్లు. ఆడవాళ్ళా మగవాళ్ళా అని నాకు అనుమానం. పాట మొదలయ్యాక అసలు మనుషులేనా అనిపించింది.

మీ అత్తకు అప్పుడు పంతొమ్మిది. నర్సింగు పరీక్షకు చదువుకుంటోంది. మూడో రోజు వెళ్ళి గది గుమ్మంలో నిలబడింది.

"ఏమప్పా, మీ ఊర్లో పాటలంటే ఇవేనా? డబ్బాలో ఇరుక్కున్న పిల్లి అరిసినట్టుండాది."

"అది గిటారు."

"అయితే దానికీ కట్టు కట్టించు. ఈడే కడతారు."

ఏబెల్‌కు కోపం రాలేదు. "రెండో పక్క ఇంగా బాగుంటాది. ఒక చేత్తో తిప్పిపెట్టేదానికి కాలేదు. కొంచెం తిప్పుతావా?" అన్నాడు.

ఒక్క చేత్తో బట్టలు ఉతుక్కునేవాడికి క్యాసెట్టు తిప్పడం రాదంట. వంటింట్లో నాకు నవ్వొచ్చింది.

తిప్పింది. మరునాడూ తిప్పింది. రోజుకు నాలుగుసార్లు పాట ఆగేది, ఈమె పుస్తకం మూసేది. తిట్టుకుంటూ వెళ్ళేది, రెండో పక్క మొదట్లో వచ్చే నెమ్మది పాటను నిలబడి విని, తిట్టుకుంటూ వచ్చేది.

కట్టు విప్పే రోజు దగ్గరపడింది. ఒక సాయంత్రం కాఫీ తీసుకుని గదిలోకి వెళ్తే, ఏబెల్ పళ్ళతో కట్టు ముడి లాగుతున్నాడు. కట్టులో పెట్టిన వెదురు దబ్బలను పక్కకు జరుపుతున్నాడు. కట్టు వదులైతే మళ్ళీ కట్టాలి కదా, ఇంకో పదిహేను రోజులు ఇక్కడే ఉండొచ్చు. అప్పటికే ఒకసారి అట్లా చేశాడట.

"ఇదేం పని నాయనా? చెయ్యి వంకర పోతాది."

"పోతే పోనీమ్మా. ఇంగో పదైదు దినాలు ఉంటా."

అప్పటికప్పుడు నోటికొచ్చింది అనేశాను. "రాణికి సంబంధం కుదిరింది. నువ్వు పో నాయనా."

తెల్లారి మొదటి బస్సుకు వెళ్ళిపోయాడు.

మీ అత్త తర్వాత వచ్చిన సంబంధాలన్నీ వద్దంది. తిరుపతిలో నర్సు ఉద్యోగం చేసుకుంటూ సెలవులకు వచ్చేది. వాన పడితే మాత్రం ఆ గది గుమ్మం దగ్గర కాసేపు ఊరికే నిలబడేది. ఏం చూస్తోందో నాకు తెలుసు. తెలిసీ నోరు తెరవలేదు.

మొన్న జూలైలో ఏబెల్ మళ్ళీ వచ్చాడు. వాళ్ళ చిన్నమ్మకు కాలు విరిగితే కట్టుకు తీసుకొచ్చాడు. వేరే రూములు దొరకలేదో, కావాలనే వచ్చాడో, నేను అడగలేదు. తల నెరిసింది. గూడూరులో నిమ్మకాయల మండీలో పని. భార్య చనిపోయి ఆరేళ్ళయింది. ఆ రోజు మీ అత్త ఇంట్లోనే ఉంది. ఇద్దరూ వసారాలో ఎదురుపడ్డారు.

"ఆ పాటలు ఇంగా వింటుండావా?" అంది మీ అత్త.

"క్యాసెట్టుకు బూజు పట్టింది. విని ఇరవై ఏండ్లయింది."

"ఫోన్లో ఉంటాది. ఇప్పుడెట్లుండాదో సూద్దాం, కూర్చో."

బయట వాన. వసారా బెంచీ మీద ఇద్దరి మధ్యా ఫోను. మొదటి పాటకే ఏబెల్ తల పట్టుకున్నాడు.

"దీనికా నేను ఎగిరింది? మెట్ల మీద బిందెలు దొర్లినట్టుండాది."

"నేనప్పుడే సెప్పినా."

"మాటలేమన్నా అర్థమైతాయా నీకు?"

"శనివారం సాయంత్రం బండెక్కి తిరగాలంట. ఇంతసేపు అరిసింది దానికేనంట."

ఇద్దరూ నవ్వారు. మొదటి పక్క చివరి పాట అయిపోగానే మీ అత్త లేచింది, తిప్పిపెట్టడానికి. ఫోన్లో తిప్పేదేముంది? క్షణం ఆగకుండా నెమ్మది పాట మొదలైపోయింది. లేచినామె లేచినట్టే నిలబడిపోయింది.

ఆ పాట మాత్రం ముసలిది కాలేదు నిస్సీ. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. పాడేవాడు ఎవరినో వదిలి వచ్చాడని మాత్రం తెలిసిపోయింది.

"చెయ్యి బాగైనాక ఇది వాయించి వినిపిస్తానన్నావు అప్పుడు," అంది మీ అత్త.

ఏబెల్ ఎడమ చెయ్యి చాపాడు. మణికట్టు వంకరగా ఉంది. "తీగ నొక్కేదానికి తిరగదు. కట్టు నేనే వదులు చేసుకుంటి."

"ఎందుకు?"

"ఈడుండేదానికి. నీకు సంబంధం కుదిరిందని అమ్మ చెప్పింది. పోయినా."

మీ అత్త నా వైపు తిరిగింది. గుమ్మంలో బియ్యం చెరుగుతున్న నేను చేట కింద పెట్టాను.

"అబద్ధం చెప్పినా రాణీ," అన్నాను. "ఆయప్ప చెయ్యి పోతాదని భయపడినా. నువ్వు నన్ను ఇడిసిపెట్టి గూడూరు పోతావని గూడా భయపడినా."

ఆమె ఫోను ఆపేసి, సంచి సర్దుకుని తిరుపతి వెళ్ళిపోయింది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మళ్ళీ సెలవుకు వచ్చేసరికి ఏబెల్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"చర్చిలో పెండ్లి ప్రకటన ఇచ్చేదా రాణీ?"

"మూడు ఆదివారాలు చదవాల గదా. ఇయ్యి. ఆలోచించుకునేదానికి నాకూ మూడు వారాలు దొరుకుతాయి."

"అందరి ముందర లేసి వద్దంటావా?"

"అంటే అంటా."

మొదటి ఆదివారం గడిచింది. రెండోదీ గడిచింది. మూడో ఆదివారం పాస్టరుగారు ప్రకటన చదివి, ఆక్షేపణ ఉన్నవాళ్ళు చెప్పండి అన్నారు. మీ అత్త లేచి నిలబడింది. ఏబెల్ మొహం తెల్లబోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"పెండ్లి వచ్చే నెల అని చదివినారు అయ్యగారూ," అంది. "అంత దూరం వద్దు. ఈ బుధవారమే పెట్టండి. ఇప్పటికే శానా ఆలస్యమైంది."

ఇదీ జరిగింది. గుర్తుపెట్టుకో తల్లీ, నీ పిల్లలకూ చెప్పు. చెప్పేటప్పుడు నేను అబద్ధమాడిన చోటును దాటేయొద్దు. అవ్వ కదా అని నన్ను మంచిదాన్ని చేయొద్దు.