సంతోషంగా అని రాసిన ఫలకం

2094 వేసవిలో ఎండ యాభై డిగ్రీలు దాటినా, సందర్శకులు ఒంటిని చల్లబరిచే చొక్కాలు తొడుక్కుని గండిమెట్ట కోటకు వస్తూనే ఉన్నారు. ఆ రోజు బురుజు దగ్గర కొత్త సమాచార ఫలకం ఆవిష్కరణ.

పాత బోర్డులు ఎండకు వెలిసిపోయేవి. మిగిలినవాటిని ఆకతాయిలు పేర్లు చెక్కి పాడుచేసేవారు. అందుకే పదార్థ శాస్త్రవేత్త హైమవతి ఏళ్ళ తరబడి శ్రమించి 'సజీవ ఫలకం' తయారుచేసింది. అందులోని సూక్ష్మజీవులు గాలిలోని తేమనూ ధూళినీ తీసుకుని రాయిని పెంచుతాయి. ఎక్కడ పగిలినా, ముందున్న అక్షరాలతోనే మళ్ళీ పూడిపోతుంది. వెయ్యేళ్ళు చెరగదు.

తెర తొలగింది. హైమవతి చదివి నిర్ఘాంతపోయింది.

"బురుజు నిలవాలని పదకొండుమంది రాతిపనివాళ్ళు సంతోషంగా ప్రాణాలర్పించారు."

ఆమె ఇచ్చిన వాక్యంలో "వారిని బతికుండగానే పునాదిలో పూడ్చారు" అని ఉంది. పోత పోసే ముందు ఎవరో మార్చేశారు.

"సంతోషంగానా?" కోట డైరెక్టర్ పురంధర్ మీదికి దూసుకెళ్ళింది. "చేతులు వెనక్కి కట్టేసిన ఎముకలు బయటపడ్డప్పుడు మీరూ అక్కడే ఉన్నారు కదండీ!"

"ఉన్నాను మేడమ్. కానీ పిల్లలొచ్చే చోటు. చూసి గర్వపడాలి గానీ తలదించుకోకూడదు."

హైమవతి పక్కనున్న గడ్డపార లాక్కుని ఫలకం మీద బాదింది. అక్షరాలు పెచ్చులుగా రాలాయి. కాపలావాళ్ళు ఆమెను పట్టుకున్నారు. పురంధర్ మాత్రం నవ్వాడు.

"కొట్టండి. మీరు చేసిందేగా!"

వారం తిరక్కుండా వాక్యమంతా మళ్ళీ మొలిచింది. అన్నిటికన్నా ముందు 'సంతోషంగా' అన్న మాటే పూడింది.

హైమవతి తన సహోద్యోగి సాల్మన్ దగ్గరికి వెళ్ళింది. సూక్ష్మజీవుల్ని పెంచింది అతనే.

"వాటిని చంపే ద్రావకం కావాలి సాల్మన్. ఇప్పుడే."

"చేస్తాను. తర్వాత ఆ సీసా ఎవరి చేతికెళ్తుంది? మిగతా కోటల్లో మనం నిజం రాసిన ఫలకాలున్నాయి. ముందు చెరిగేవి అవే."

ఆమె కోపంతో బల్లను గుద్దింది. ద్రావకం లేకుండానే వెనుదిరిగింది.

ఉద్యోగం పోయాక ఆమె రోజూ టిక్కెట్టు కొనుక్కుని ఫలకం పక్కన నిలబడేది. వచ్చినవాళ్ళందరికీ ఆ పదకొండుమంది ఎలా చనిపోయారో చెప్పేది. గొంతు బొంగురుపోయినా మానేది కాదు.

ఒకసారి ఓ పెద్దావిడ అంతా విని కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఫలకం దగ్గరికెళ్ళి, ఒక్కో అక్షరాన్నీ వేలితో తడుముతూ చదివింది. వెనక్కి తిరిగి జాలిగా హైమవతి భుజం మీద చెయ్యి వేసింది.

"నీకెవరో తప్పు చెప్పారమ్మా. రాతి మీద రాశారంటే అబద్ధం రాస్తారా?"