తాళం వేసిన రికార్డింగ్ గది

మా గ్రంథాలయం మూడో అంతస్తులో, వరండా చివర రికార్డింగ్ గది ఉంది. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్లేవారు కాదు. చూపులేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆవిడని ఆ గదిలోంచే, గుండెనొప్పితో, ఆసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. రెండు నెలలుగా గదికి తాళం. అయినా లోపల ఆవిడ గొంతు విన్నానని గదులు ఊడ్చే మనిషి చీపురు పారేసి కిందికి పరుగెత్తుకొచ్చింది.

ఆవిడ భర్త కింద అంతస్తులోనే పుస్తకాలు బైండింగ్ చేస్తాడు. భార్య దెయ్యమైందన్న మాట ఆయన చెవిన పడింది.

"ఒక్కణ్ణీ వెళ్లలేను. తోడు రా నాయనా," అని కంప్యూటర్ మెకానిక్‌ని పిలిచాడు. తర్వాత సంగతి మెకానిక్ నాతో చెప్పిందే.

దీపాల్లేని వరండా. ఇద్దరూ తలుపుకి చెవులానించి నిలబడ్డారు. పది నిమిషాలు... ఇరవై... అరగంట...

అప్పుడు — లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

లోపల ఆవిడే చదువుతోంది. కాసేపు చదివి దగ్గింది. తర్వాత, మెల్లగా —

"ఏమండీ... కాస్త కునుకు తీస్తాను. పైకొచ్చి లేపండి."

మళ్లీ నిశ్శబ్దం.

"ఆవేళ ఫోన్లో నాతో అన్న మాట," అన్నాడాయన గుసగుసగా. తెచ్చుకున్న చెవితో తాళం తీశాడు.

గదిలో ఎవరూ లేరు. కంప్యూటర్ వెలుగుతోంది. బ్యాటరీ లైను ఉన్న గది కాబట్టి కరెంటు పోయినా అది ఆగలేదు.

"దెయ్యం కాదు బాబాయ్," అన్నాడు మెకానిక్ తెర చూసి. "గంట కాగానే రికార్డింగు ఆగి, సరిచూసుకోడానికి మళ్లీ మళ్లీ మోగేలా పిన్ని ముందే పెట్టింది. గంట రికార్డింగు. మాటలు కొంచెమే, మిగతాదంతా ఆవిడ నిద్ర. సేవ్ చెయ్యలేదు, డిస్కులో లేదు. పాత మెషీను, మెమరీ చాలదని లినక్స్‌లో నేనే ఏర్పాటు చేశాను... వెంటనే అక్కర్లేనిదాన్ని మెమరీలోనే ఓ మూల కుదించి దాస్తుంది. బట్టలు పెట్టెలో కుక్కినట్టు."

సేవ్ నొక్కాడు.

కుక్కినదంతా ఒక్కసారిగా విప్పడానికి చోటు చాల్లేదు. మెషీను బిగుసుకుపోయింది. కాసేపటికి, చోటు కోసం, ఆ రికార్డింగ్ ప్రోగ్రామ్‌నే అది మూసేసింది.

తెర ఖాళీ.

"మళ్లీ గంటకి వస్తుందిగా?" అనడిగాడాయన.

"రాదు బాబాయ్. సేవ్ కాకముందే పోయింది. ముందు నా ఫోన్లో రికార్డు చేసుకోవాల్సింది... నాకు తట్టలేదు."

ఆయన ఆవిడ కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"రెండు నెలలపాటు గంటగంటకీ లేపమంది," అన్నాడు. "నేను కింద జిగురు పూసుకుంటూ కూర్చున్నాను."