కుడి చక్రం

గిడ్డయ్య ఇంట్లో తెల్లారేసరికి మగ్గం ఏడుస్తోందని దేవక్క కొళాయి దగ్గర ఉచ్చీరమ్మతో అన్నదట. ఉచ్చీరమ్మ పాలు పోయడానికి వచ్చి, ఆ మాటను ఉన్నదున్నట్టు గిడ్డయ్య భార్య ఉరుకుందమ్మ చెవిన వేసింది.

"సచ్చిపోయిన మీ పిల్లోడే వచ్చి మగ్గంలో కూసోని ఏడుస్తాండాడంటమ్మా. నేను అనల్యా, దేవక్క అనె. నా పేరు సెప్పొద్దు మళ్ళ."

లోపల గుంత మగ్గం మీద కూర్చున్న గిడ్డయ్యకు ఆ మాటలు వినబడ్డాయి. కాలు కదిపాడు. తొక్కుడు కర్ర కీచుమంది.

ఎమ్మిగనూరులో ఆ వీధికంతా తెలుసు, గిడ్డయ్య మగ్గానికి టకటక తప్ప మరో చప్పుడు ఉండేది కాదని. పక్కన నూనె గిన్నె, అందులో నానే నూలు ముద్ద ఎప్పుడూ సిద్ధం. ఇంట్లో ఏది కీచుమన్నా, అది తలుపు బందు కానీ, ఉయ్యాల గొలుసు కానీ, లేచి వెళ్లి ఓ చుక్క అద్ది వచ్చేవాడు. పక్కింటి కుట్టుమిషను అరిచినా ఓర్చుకోలేక గిన్నె పట్టుకుని పోయేవాడు. అలాంటి మనిషి ఏడాదిగా ఆ గిన్నె ముట్టలేదు. మగ్గం అరుస్తుంటే పళ్లు బిగబట్టి నేస్తున్నాడు.

"విన్యావా ఊర్లో ఏమంటాండారో? దానికింత నూనె పెడితే నీ సొమ్మేం పోతాది?" అంది ఉరుకుందమ్మ.

"అననీ లే," అని గిడ్డయ్య మగ్గం దిగి వాకిట్లోకి వచ్చాడు.

వాకిట్లో కోడలు ఉష కారు మీది టార్పాలిన్ లాగి మడుస్తోంది. కొడుకు హరికృష్ణ కారు. ఏడాది కిందట ఆదోని రోడ్డులో మోరీ గోడకు కొట్టుకుంది ఇదే. ముందు పత్తి ట్రాక్టరు ఉన్నట్టుండి ఆగితే, కారు ఆగకుండా ఎడమ పక్కకు తిరిగిపోయిందని చూసినవాళ్లు చెప్పారు. బయటూళ్లో రేకు సరిచేయించి తెచ్చి నిలబెట్టారే గానీ, ఆ తరువాత ఎవరూ నడపలేదు. మనిషిని తిన్న బండి అని ఊళ్లో మెకానిక్కులు దానిమీద చెయ్యి వేయలేదు. ఉషకు వాళ్ల అవసరమూ లేదు. ఆదోనిలో లారీలు బాగుచేసే మారుతి కూతురు; జడ వేసుకోవడం రాకముందే స్పానర్ల నంబర్లు వచ్చిన పిల్ల. ముందు చక్రాలకు కొత్త బ్రేకు ప్యాడ్లు, కొత్త డిస్కులు తెప్పించి అరుగు మీద పేర్చుకుంది.

"పొద్దుగూకే లోపల అయిపోతే మా ఇంటికి పోతాను మామా. ఇంక రాను," అని నిన్ననే చెప్పేసింది.

ఎందుకో అడగాల్సిన పని లేదు. ప్రమాదం జరిగిన వేళకు హరికృష్ణ ఫోనులో ఉష చేసిన కాల్ ఉంది. కారు నడిపేవాడికి ఫోను చేసి నా కొడుకును చంపిందని ఉరుకుందమ్మ ఆనాడే అంది. ఆనాటి నుంచి కోడలితో నేరుగా మాట్లాడలేదు.

"అడుగు ఆయమ్మను, ఉగ్గాని తింటదో లేదో," గడపలోంచి ఉరుకుందమ్మ.

"ఈడనే ఉంది గదా, నువ్వే అడుగు."

"నాకేం పని?"

"ఆకలి ల్యాదని సెప్పు మామా," అంది ఉష, రాయి తెచ్చి వెనక చక్రానికి అడ్డం పెడుతూ.

రెండడుగుల దూరంలో ఉన్న ఇద్దరికీ మాటలు మోసి మోసి గిడ్డయ్యకు ఏడాదిలో నడుం వంగింది.

ఉష ముందుగా ఎడమ చక్రం పట్టింది. నట్లు వదులు చేసి, జాకీ ఎత్తి, చక్రం ఊడదీసి బండి కిందనే పడుకోబెట్టింది. ప్యాడ్లను పట్టి ఉంచే బరువైన ఇనుప ముక్కను విప్పి, వేలాడకుండా తాడుతో పైకి కట్టింది. తుప్పు పట్టిన పాత డిస్కు సుత్తి దెబ్బలకు గాని ఊడి రాలేదు. కొత్త డిస్కు తీసి గుడ్డతో తుడిచింది. జిడ్డు వదిలే మందు చల్లి మళ్లీ తుడిచింది.

"కొత్తదే గదమ్మా, అంత తోముతావెందుకు?" అన్నాడు గిడ్డయ్య.

"తుప్పు పట్టకుండ నూనె పూసి అమ్ముతారు మామా. సుక్క మిగిలినా బ్రేకు పట్టదు. జారిపోతాది."

గిడ్డయ్య అరుగు పట్టుకుని కూర్చున్నాడు. ఏడాదిగా ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్నకు, అడగకుండానే జవాబు దొరికింది.

ఎడమ పని ముగించి ఉష జాకీ తీసుకుని కుడి పక్కకు నడిచింది.

"అది ఉండనీలే ఉషా. అది బాగానే ఉంటాది."

"ఎట్ల ఉండనిస్తాం? రెండూ జత. ఒకటి పట్టి ఇంగొకటి పట్టకుంటే, బండి పట్టిన పక్కకు లాక్కపోతాది."

పట్టిన పక్కకు. ఎడమకు. మోరీ గోడ ఎడమ పక్కనే ఉంది. గిడ్డయ్య చెవుల్లో కీచుమని ఒకటే మోత. లోపల మగ్గం మీద ఎవరూ లేరు.

కుడి చక్రం ఊడింది. ప్యాడ్లు బయటికి తీసి ఉష నొసలు ముడిచింది. ఎడమవి పొడిగా, బూడిద రంగులో ఉన్నాయి. ఇవి నల్లగా, జిగటగా, దుమ్ము మెత్తుకుని ఉన్నాయి. ఇనుము సందులో ఏదో ఇరుక్కుని ఉంటే వేలితో లాగింది. నల్లబడిన నూలు ముద్ద.

"నూనె యాడనుంచి కారిందో..." అంటూ రబ్బరు గొట్టం తడిమి చూసింది. చక్రం వెనక తడిమింది. ఎక్కడా కారలేదు. నూలు ముద్దను వేళ్ల మధ్య విప్పి చూసి, మెల్లగా తలెత్తింది.

"లేదులే, యాడనో కారింటాది," అని ఆమే అంది.

ఆ మాట పట్టుకుని గిడ్డయ్య తప్పించుకోవచ్చు. కోడలు దారి ఇచ్చింది. సాయంత్రానికి వెళ్లిపోతుంది కూడా.

"కారలేదమ్మా. నేనే అద్దినా."

గడపలో ఉగ్గాని పళ్లెంతో నిలబడిన ఉరుకుందమ్మ, "ఏమి అద్దినావు?" అంది.

"ఆ పొద్దు బండి కీచుమని అరుస్తా ఉండె. హరి నీళ్లు పోసుకుంటాండె. వాడు వచ్చేలోపల కుడి చక్రం సందులోంచి నూనె పెట్టినా. అరుపు ఆగిపాయె. 'ఏం సేసినావు నాయనా, బండి నోరు మూసుకునింది' అని నవ్వుకుంటా పోయినాడు."

ఉష ప్యాడు అంచున ఉన్న చిన్న రేకు ముక్కను చూపించింది.

"ప్యాడు అరిగిపోతే ఇది డిస్కుకు తగిలి అరుస్తాది మామా. మార్చమని సెప్పేదానికే పెట్టింటారు."

ఉరుకుందమ్మ పళ్లెంతోనే గడప దిగింది.

"ఫోనో?" అంది ఉరుకుందమ్మ. ఆ ప్రశ్న నేరుగా కోడలికే వేసింది.

"ఆయన ఎత్తనే ల్యాదత్తా. ఎన్నోసార్లు సెప్పినా గదా."

ఉరుకుందమ్మ మొగుడి వైపు తిరిగింది. "నీకు తెలుసునా?"

"అనుమానం వచ్చె. ఆ పొద్దే వచ్చె. నువ్వు ఫోనని పట్టుకుంటివి. నేను... ఊరుకుంటి."

"ఏడాది ఊరుకుంటివి!" పళ్లెం చేతిలోంచి జారి ఉగ్గాని వాకిలంతా చిందింది. "నా నోటితో ఈ పిల్లను కొడుకును తినినదని అనిపిస్తివి. మూడు పూటలా అంటాంటే ఇని, కడుపు నిండ తిని, మగ్గమెక్కి కూసుంటివి. నీది నోరేనా?"

గిడ్డయ్య తల వంచుకున్నాడు. కన్నీళ్లు మోకాళ్ల మీద పడుతున్నాయి. ఉష వచ్చి ఆయన్ను ఓదార్చలేదు. తిట్టనూ లేదు. నూలు ముద్దను నేల మీద పెట్టి, కొత్త డిస్కు చేతికి తీసుకుంది.

ఉరుకుందమ్మ చెంగు బొడ్లో దోపి, కోడలి పక్కన వచ్చి గొంతుక్కూర్చుంది.

"ఉషా," అంది. ఏడాది తరువాత ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదలు. "ఏది అందియ్యాలో సెప్పు."

ఉషకు కళ్ల ముందున్న స్పానర్లు కనబడలేదు. ముంజేత్తో మొహం తుడుచుకుంది. చెంపకు మసి అంటింది.

"పద్నాలుగు నంబరుది అత్తా. మీద రాసింటాది."

ఉరుకుందమ్మ ఒక్కొక్కటే ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది. రెండు తప్పులు ఇచ్చి, మూడోది సరిగ్గా ఇచ్చింది. ఉష డిస్కు తుడవడానికి గుడ్డ కోసం వెతికింది. గుడ్డ అరుగు దగ్గర పడి ఉంది. గిడ్డయ్య వంగి దాన్ని తీసుకుని, మట్టి దులిపి, రెండడుగులు ముందుకు వచ్చాడు.

"నేను తుడుస్తా ఇటియ్యి, తల్లీ," అని చెయ్యి చాచాడు.

"నువ్వు సెయ్యి పెట్టొద్దు," అంది ఉరుకుందమ్మ.