మూసిన గల్లీల మూడు పిలుపులు

సిరొంచ కొత్త ప్లాట్ల చివరి గల్లీకి పొద్దుగూకినంక ఎవరూ పోయేటోళ్లు కాదు. అక్కడి గోడకాడ చచ్చినోళ్లను ఎవరో పిలుస్తరని పేరు పడ్డది. ఎనభై ఆరో, ఎనభై ఏడో సంవత్సరం... యాదికొస్త లేదు. మిగిలింది మరువకముందే చెప్తున్న.

మొదట అది మూసిన గల్లీ కాదు. బజారు నుంచి ప్రాణహిత ఒడ్డుదాక సక్కగ పోయేది. ఊరు పెరిగింది, చేన్లు ప్లాట్లయినయ్. ఒక్కొక్కరు ఇంత జరిగి గోడ కట్టుకున్నరు. ఆఖరికి ఒకరు అడ్డంగనే కట్టిన్రు. ఇగ పీనుగైనా, పెండ్లైనా బస్సురోడ్డు మీద సుట్టు తిరిగి పోవుడే.

అడ్డంగ కట్టింది మేమే.

ఒక రాత్రి మా మరిది రాజం ఉరికొచ్చి గడపల కూలబడ్డడు.

"వదినా... గోడ అవతల... ఆదయ్యను పిలుస్తున్నరు."

గోడ అవతలి గల్లీల ఉండే ఆదయ్య చచ్చి నెల దాటింది.

"ఎవరు?"

"ఆడ గొంతు. పిలుస్తది... ఆగుతది... మల్ల పిలుస్తది."

"జర తక్కువ తాగురా," అన్నడు మా ఆయన. అనుకుంటనే కందిలి వత్తి పెద్దగ చేసిండు.

"పెండ్లామేమో," అన్న నేను.

"బీరమ్మనా? మొగని పేరు నోటితోని అంటదా? నువ్వంటవా, వదినా?"

నిజమే. నేను ఇయ్యాల్టిదాక అనలే.

కందిలి పట్టుకొని, సుట్టు తిరిగి గల్లీలకు పోయిన. గోడకు నొసలు ఆనించి ఒక ఆకారం... బీరమ్మనే! నన్ను చూసి కొంగుతో నోరు కప్పుకున్నది — దొంగతనం చేసి దొరికినట్టు.

"ఏందక్కా, గీ చీకట్ల?"

"పాడెను నడుమ దించలే, చెల్లె," గుసగుసగ అన్నది. "దించే జాగ, దింపుడు కల్లం, మీ గోడ లోపల పడ్డది. రోడ్డు మీద దించబోతే ఎనుక బస్సు హారన్ కొట్టవట్టె... మోసేటోళ్లు ఆగలే. చెవిల మూడుసార్లు పేరు పిలువలే. పిలిస్తే పలుకుతుండెనేమో... ఎవరూ పిలువకపోతే నేనే పిలుస్తున్న."

చెయ్యి పట్టుకొని మా పెరట్లకు తోలుకొచ్చిన.

"గోడలు లేచినంక ఆనవాలు దొరుకుత లేదు. ఏ జాగ, చెల్లె?"

ఆ జాగల మేము పాయఖాన కట్టుకున్నం.

నా వేలు అటు లేవలే. బాయి పక్క మల్లెపొద చూపిచ్చి, "గిదే," అన్న.

బీరమ్మ వంగి మూడుసార్లు పిలిచింది. మూడోసారి గొంతు పెద్దగైంది. మట్టికి చెవి ఆనించి శానసేపు ఉన్నది.

"విన్నడంటవా, చెల్లె?"

"విన్నడక్కా," అన్న.